పసిబిడ్డల పాలకక్కు - ఆమ్లము తగ్గించు మందులు

శామీర్‌పేట సమీపమున తుర్కపల్లి వద్ద వెలసిన జీనోమ్ వ్యాలీ, మేడ్చల్ జిల్లాలోనే యున్న బాచుపల్లి ఔషధ కర్మాగారములు మన ప్రాంతమునకు ఖ్యాతి తెచ్చినవి. అందుచే మందుల పేర్లు మనకు సుపరిచితములు. కాని పేరు తెలిసినంత మాత్రమున మందు తెలిసినట్లు కాదు. పెద్దలు కడుపుమంటకు వాడుకొను మందును పాలు కక్కు పసిబిడ్డకు ఇచ్చుటకు ముందు కొన్ని విషయములు గ్రహింపవలెను.

అన్నవాహిక, జీర్ణాశయము కలియు చోట ఒక కండరపు కట్టు కలదు. లోనికి పోయిన ఆహారము పైకి రాకుండ అది అడ్డుకొనును. పసితనమున ఈ కట్టు తరచు సడలుచుండును; కావున పాలు పైకి వచ్చును. ఇది సాధారణముగా 4వ నెల ప్రాంతమున హెచ్చి, 12 నుండి 18 నెలల నాటికి తనంతట తానే తగ్గును. పాలు కక్కుచున్నను బరువు పెరుగుచు హాయిగా ఆడుకొను బిడ్డ రోగి కాదు.

ఆమ్లము తగ్గించు మందులలో ముఖ్యమైన తెగలు రెండు. ఫామోటిడిన్ వంటివి ఆమ్లమును పురికొల్పు హిస్టమిన్‌ను అడ్డగించును. ఒమిప్రజోల్, లాన్సోప్రజోల్ వంటివి ఆమ్లమును వెలువరించు పంపునే ఆపివేయును. అయితే ఇవి పాలు పైకి రాకుండ ఆపజాలవు. వాటి పులుపును మాత్రమే తగ్గించును. 2009లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 162 మంది శిశువులలో సగము మందికి లాన్సోప్రజోల్, తక్కినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చిరి. రెండు వర్గములలోను నూటికి 54 మందికి మేలు కలిగెను. పైగా అసలు మందు పుచ్చుకొన్నవారిలో శ్వాసకోశపు అంటురోగములు హెచ్చుగా కనిపించెను. జీర్ణాశయపు ఆమ్లము క్రిములను చంపు కావలివంటిది. దానిని అకారణముగా తగ్గించుట మంచిది కాదు.

రానిటిడిన్ చరిత్రయు ఇట్టి హెచ్చరికయే. 2019లో అందు క్యాన్సర్ కలిగించగలదని భావింపబడు ఎన్‌డీఎంఏ అను పదార్థము బయటపడగా, హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ దాని సరఫరాను ప్రపంచమంతట నిలిపివేసినది. 2022లో మన దేశపు అత్యవసర ఔషధముల జాబితా నుండి అది తొలగింపబడెను. ఇంట మిగిలిన పాత సీసాను బిడ్డకు వాడరాదు.

అన్నవాహిక ఒరసి పుండు పడినపుడు, లేదా ఎదిగిన పిల్లలకు ఛాతీలో మంట బాధించునపుడు ఈ మందులు నిజముగా ఉపకరించును. అప్పుడును బిడ్డ బరువునుబట్టి వైద్యుడే మోతాదు నిర్ణయింపవలెను. సాధారణముగా 4 నుండి 8 వారములు వాడి, మరల పరీక్షింపవలెను. ద్రవమును వంటింటి చెంచాతో గాక మందు కొలతతోనే పోయవలెను. క్యాప్సూల్‌లోని గుళికలను నూరరాదు. వాటి పైపూతయే మందును ఆమ్లము నుండి కాపాడును.

మందుకు ముందు చేయదగినవి కలవు. పాలు కొద్దికొద్దిగా పట్టి, త్రేన్పు తెప్పించి, కొంతసేపు నిటారుగా ఎత్తుకొనవలెను. నిద్రలో వెల్లకిలనే పరుండబెట్టవలెను. వాంతి పచ్చగా నున్నను, రక్తము కనిపించినను, వేగముగా దూరము చిమ్మినను, బిడ్డ పాలు మానినను, బరువు పెరుగకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొని పోవలెను.

మన ఇండ్లలో మందుసీసాపై చీటీ చదువగలవారు తరచు విద్యార్థులే. నానమ్మయో, దాదీయో పెద్దల మాత్రను విరిచి పాపకు ఇవ్వబోయినచో, గౌరవముతో వారించి వైద్యుని సలహా కోరుట మన చదువుకు తగిన పని.