మహమ్మారి కాలంలో వైద్య శిక్షణ

ఎం.బి.బి.ఎస్. పట్టా పొందిన వైద్యుడు ఒక శాఖలో నిపుణుడు కావాలంటే మరి మూడేళ్లు బోధనాసుపత్రిలో శిక్షణ పొందవలసి ఉంటుంది. ఈ శిక్షణలో ఉన్నవారిని రెసిడెంట్ డాక్టర్లంటారు. పూర్వం వీరు ఆసుపత్రి ఆవరణలోనే నివసించేవారు కనుక ఈ పేరు ఏర్పడింది. తెలుగునాట జూనియర్ డాక్టర్లన్న మాటే ఎక్కువ వాడుకలో ఉంది. వీరు విద్యార్థులూ, ఆసుపత్రి సిబ్బందీ కూడా. పగలు ఆచార్యుల వెంట నేర్చుకుంటారు. రాత్రివేళ పెద్దాసుపత్రుల భారం చాలవరకు వీరి భుజాల మీదనే ఉంటుంది. కోవిడ్ మహమ్మారి విద్యకూ సేవకూ మధ్య ఉన్న ఈ సమతూకాన్ని తలకిందులు చేసింది.

వార్డులలో మార్పులు

దేశంలో తొలి కోవిడ్ కేసు 2020 జనవరి 30న కేరళలో బయటపడింది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలయింది. సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రి వంటి పెద్ద బోధనాసుపత్రులను కోవిడ్ రోగులకే కేటాయించారు. వాయిదా వేయదగిన శస్త్రచికిత్సలు నిలిచిపోయాయి. కంటి వైద్యం, చర్మవైద్యం, ఎముకల వైద్యం అభ్యసిస్తున్నవారు సైతం కోవిడ్ వార్డులలో నియుక్తులై, ఆక్సిజన్ పరిమాణాన్ని సరిచూడటం, రోగిని బోర్లా పడుకోబెట్టి శ్వాసకు వీలు కల్పించడం వంటి పనులు నేర్చుకొన్నారు.

అనేక ఆసుపత్రులు రెసిడెంట్లను జట్లుగా విభజించాయి. ఒక జట్టు కోవిడ్ వార్డులో ఉంటే, వేరొకటి క్వారంటైన్‌లోనూ, ఇంకొకటి ఇతర రోగుల సేవలోనూ ఉండేవి. ఒక జట్టుకు వ్యాధి సోకినా చికిత్స ఆగరాదన్నదే ఇందలి ఉద్దేశం. రక్షణ దుస్తులు ధరించాక మంచినీళ్లు తాగడానికైనా వీలుండదు కనుక డ్యూటీ గంటలను కుదించారు. వైద్యులపై దాడులు జరగడంతో కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సు జారీచేసి, అట్టి దాడులను నాన్‌బెయిలబుల్ నేరాలుగా పరిగణించింది.

దూరం నుండి బోధన

తరగతులు, కేసు చర్చలు ఆన్‌లైన్‌కు మారాయి. 2020 మార్చి 25ననే టెలిమెడిసిన్ మార్గదర్శక సూత్రాలు వెలువడినందున, రోగిని తాకకుండా మాటల ద్వారానే లక్షణాలు రాబట్టడం కూడా శిక్షణలో భాగమైంది. అయితే శస్త్రచికిత్స తెరమీద చూసి అలవడే విద్య కాదు. చేయి తిరగాలంటే ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడక తప్పదు. సాధారణ రోగులు రాకపోవడంతో ఆ అవకాశమూ, పరిశోధన వ్యాసాలకు కావలసిన కేసులూ తగ్గిపోయాయి.

పరీక్షల సమస్య

ఈ పరిస్థితులలో చివరి సంవత్సరం పరీక్షలు రద్దుచేయాలని కొందరు కోరగా, సుప్రీంకోర్టు 2021 జూన్‌లో నిరాకరించింది. రోగుల ప్రాణాలు పరీక్ష నెగ్గని వైద్యుల చేతిలో పెట్టరాదన్నది న్యాయస్థానం అభిప్రాయం.

కొత్తవారి ప్రవేశం మరింత చిక్కయింది. 2021 ఏప్రిల్ 18న జరగవలసిన నీట్ పి.జి. పరీక్ష సెప్టెంబరు 11న జరిగింది. రిజర్వేషన్ల వివాదం కోర్టులో ఉన్నందున కౌన్సెలింగ్ 2022 జనవరి 12న గాని ఆరంభం కాలేదు. మొదటి సంవత్సరం వారు లేనందున రెండు బ్యాచ్‌లే మూడు బ్యాచ్‌ల పని మోయవలసి వచ్చింది. 2021 చివర ఢిల్లీలో రెసిడెంట్లు ఆందోళనకు దిగడానికి ఈ జాప్యమే కారణం.

నేర్చిన పాఠం

పి.జి. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయాలన్న నిబంధన 2020 సెప్టెంబరులో వెలువడింది. నగరాల పెద్దాసుపత్రుల వెలుపల కూడా నిపుణుల అవసరం ఎంతగా ఉన్నదో మహమ్మారి రుజువు చేసింది. శిక్షణ కుంటుపడితే ఆ లోటు కొన్నేళ్ల తరువాత రోగి మీదనే పడుతుంది. కాబట్టి విపత్తు వేళ పడకలను, ఆక్సిజన్‌ను సమకూర్చుకొన్నట్లే రేపటి వైద్యుల చదువు సాగే ఏర్పాటును కూడా ముందే చేసుకోవడం అవసరం.