వృద్ధాశ్రమమునకు కొలత యేది?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పి చూడకుండ ఎవరును బేరము చేయరు. రంగు చూతురు, తేమ చూతురు, తాలు కాయను ఏరి ప్రక్కన పెట్టుదురు. ఇంత తెలిసిన మన కుటుంబములే, కన్నతల్లిని వృద్ధాశ్రమమున చేర్చునపుడు గోడల సున్నమును చూచి, నెలకు ఎంత యని మాత్రమే అడిగి మరలుచున్నవి. ఆశ్రమమునకు సైతము కొలతలు కావలెనని మా మనవి.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టములోని 19వ సెక్షను ప్రకారము రాష్ట్ర ప్రభుత్వములు దిక్కులేని వృద్ధులకై ఆశ్రమములను స్థాపింపవచ్చును. తొలుత జిల్లాకు ఒకటైనను, 150 మందికి తగ్గకుండ. వాని ప్రమాణములను నిర్ణయింపవచ్చును. ఈ ‘వచ్చును’ అను మాటలోనే చిక్కున్నది: అది అనుమతియే గాని ఆజ్ఞ కాదు. ప్రైవేటు ఆశ్రమములకు కూడ రిజిస్ట్రేషనును, కనీస ప్రమాణములను విధింపదలచిన సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చినది. 2024లో ఆ సభతోపాటే మురిగిపోయినది. కనుక అడుగవలసిన భారము చాలవరకు కుటుంబముదే.

ఏమి అడుగవలెను? మొదటిది నీరు. కనిగిరి, దర్శి ప్రాంతముల భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చు. లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు హద్దు. పరీక్ష కాగితమును చూపుమనవలెను. రెండవది గాలి, వేడిమి. పల్నాటి వేసవిలో రేకుల కప్పు క్రింద ముసలివారిని ఉంచరాదు. మిరప కల్లముల ఘాటు ఆయాసరోగులకు హాని. మూడవది రాత్రి. మేల్కొని యుండు మనిషి యెవరు? మరుగుదొడ్డి దారిలో దీపమును, పట్టుకొనుటకు కమ్మియు కలవా? నాల్గవది బరువు. నెలనెల తూచి వ్రాయుచున్నారా? బరువు తగ్గుట అన్నము చాలలేదనుటకో, రోగమునకో తొలి గుర్తు. అయిదవది స్వేచ్ఛ. ఎవరును ప్రక్కన లేకుండ అమ్మ మనతో ఫోనులో మాట్లాడగలదా?

పొలము వ్రాసియిచ్చు పెద్దలకు ఒక్క మాట. దస్తావేజులో పోషణ షరతును వ్రాయించుకొనుడు. అది తప్పినచో 23వ సెక్షను క్రింద ట్రిబ్యునలు ఆ బదలాయింపు చెల్లదని ప్రకటింపగలదు. సహాయమునకు 14567 అను వృద్ధుల ఫోను నెంబరు కలదు.

చెప్పి వెళ్లిన నాడు ఏ ఆశ్రమమైనను శుభ్రముగనే యుండును. భోజనవేళ చెప్పకుండ పోయి, అమ్మ ప్రక్కన కూర్చుండి, ఆ అన్నమే తినుడు. టిక్కీ విప్పి చూచుట యనగా ఇదియే.