దవడలో కణితి: పేరును బట్టే చికిత్స

దవడలో నొప్పి లేకుండా మెల్లగా పెరిగే వాపు ఎక్స్‌రేలో నల్లటి ఖాళీలా కనిపించవచ్చు. అది ద్రవం నిండిన మామూలు తిత్తి కావచ్చు. పంటిని తయారుచేసే కణజాలం నుంచి పుట్టిన అరుదైన కణితి కూడా కావచ్చు. రెండో రకాన్ని దంతజనక కణితులు అంటారు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. అయినా ఏ రకమో తేలకుండా చికిత్స మొదలుపెట్టకూడదు.

గర్భస్థ శిశువుకు దాదాపు ఆరో వారంలో పళ్ల నిర్మాణం మొదలవుతుంది. నోటి పైపొర కణాల నుంచి ఎనామిల్, దాని కింది మృదు కణజాలం నుంచి డెంటిన్, పంటి గుజ్జు ఏర్పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణకు ఇదే ఆధారం. పైపొర నుంచి పుట్టినవి, కింది కణజాలం నుంచి పుట్టినవి, రెండూ కలిసినవి అని క్యాన్సర్ కాని కణితులు మూడు రకాలు. 1971లో వెలువడిన ఈ వర్గీకరణను 1992, 2005, 2017, 2022లలో సవరించారు.

పేరు మారితే శస్త్రచికిత్స కూడా మారుతుంది. అమెలోబ్లాస్టోమా క్యాన్సర్ కాకపోయినా చుట్టూ ఉన్న ఎముకలోకి చొచ్చుకుపోతుంది. గీకి తీసేస్తే తరచూ తిరగబెడుతుంది. అందుకే చాలాసార్లు కొంత మంచి ఎముకతో సహా కోసి తీస్తారు. యుక్తవయసు అమ్మాయిల పైదవడలో ఎక్కువగా కనిపించే అడినోమటాయిడ్ కణితిని ఒకప్పుడు అడినో అమెలోబ్లాస్టోమా అనేవారు. నిజానికి దానికి చొచ్చుకుపోయే గుణం లేదు. ఒలిచి తీస్తే చాలు. పాత పేరును నమ్మితే అనవసరంగా దవడ ఎముకను కోల్పోయే ప్రమాదం ఉండేది.

కెరటోసిస్ట్ కథ మరొకటి. తిరగబెట్టే స్వభావం, జన్యు మార్పుల కారణంగా 2005లో దీన్ని కణితుల్లో చేర్చారు. ఆధారాలు చాలవంటూ 2017లో మళ్లీ తిత్తుల్లోకి మార్చారు.

పుదుచ్చేరి పట్టణంలో జిప్‌మర్‌తో పాటు ప్రభుత్వ దంతవైద్య విద్యాసంస్థ ఉంది. అదే కేంద్రపాలిత ప్రాంతంలోని యానాం మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో, కాకినాడ పక్కన ఉంది. యానాం వాసి ఒకరు కాకినాడలో బయాప్సీ చేయించుకుని, ఆ నివేదికతో పుదుచ్చేరికి వెళ్లారనుకుందాం. అందులో రాసిన పేరుకు రెండు చోట్లా ఒకే అర్థం ఉండాలి. ఉమ్మడి వర్గీకరణ అందుకే అవసరం.

అమెలోబ్లాస్టోమాలో బ్రాఫ్ అనే జన్యువులో మార్పులు ఉంటాయని 2014లో తెలిసింది. ఆ మార్పును అడ్డుకునే మందులతో కొందరిలో కణితి కుంచించుకుపోయింది. ఇకపై సూక్ష్మదర్శినితో పాటు జన్యు పరీక్ష కూడా ఈ పేర్లను నిర్ణయించవచ్చు. అప్పటిదాకా దవడ వాపు నొప్పి లేదని వదిలేయకుండా దంతవైద్యుడికి చూపించుకోవడం మంచిది.