తల్లితీగను కోయకయే అంటు త్రొక్కుట

నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రిందనున్న మన కోదాడ ప్రాంతమున వరియే పెద్ద పంట. అయినను పెరటిలోనో బావియొడ్డుననో నాలుగు గుండుమల్లె పొదలను పెంచి, పూలమ్ముకొనదలచు సభ్యులు మమ్ము తరచుగ మొక్కలకై అడుగుచుందురు. మొక్కలు కొననక్కరలేదు. ఒక మంచి పొద యున్న చాలును.

కోసి నాటిన కొమ్మకు వేళ్లు లేవు, ఆకులు మాత్రము నీటిని కోరుచుండును. వేరు పుట్టులోపలనే అనేకము ఎండిపోవును. అంటునందు కొమ్మ తల్లిని విడువదు. లోపలి కర్రగుండ తల్లివేళ్ల నీరు పైకి వచ్చుచునే యుండును. ఆకులలో తయారైన ఆహారము మాత్రము బెరడుగుండ క్రిందికి దిగివచ్చి, గాటుకడ ఆగును. వేరు పుట్టించు ఆక్సిను అను పదార్థమును అచ్చటనే చేరును. చీకటియు తడియు దొరకినచో అచ్చట వేళ్లు పొడచూపును.

పూత తగ్గి వానలు పట్టిన పిమ్మట, ఆరుద్ర కార్తెలో ఈ పని మొదలుపెట్టుట మేలు. మిక్కిలి లేతదియు, మిక్కిలి ముదురునుగాని తీగను ఎన్నుకొని నేలకు వంచవలెను. నేల తాకుచోట, కణుపు క్రింద, మందములో మూడవవంతు లోతున ఏటవాలుగ గాటు పెట్టి, అది మరల అతుకుకొనకుండ చిన్న గులకరాతిని దూర్చవలెను. రెండు మూడంగుళముల లోతున పాతి, కొంకి పుల్లతో బిగించి, పైన ఇటుక నుంచవలెను. కొన మాత్రము జానెడు బయటనుండి నిటారుగ నిలువవలెను. నల్లరేగడి ఎండినచో నెఱ్ఱెలు విచ్చి లేతవేళ్లను త్రెంచును, తడిసినచో నీరు నిలిచి కుళ్లించును. కావున అట్టి నేలలో గుంతకు ఇసుకయు, బాగుగ మాగిన పశువుల ఎరువును కలుపుట విడువరాదు.

తమలపాకు తీగకును, ఇండ్లలో కుండీలయందు ప్రాకు మనీప్లాంటుకును ఇంత శ్రమ యక్కరలేదు. వాని కణుపులయందే వేళ్లుండును. ప్రక్కకుండీ మట్టిపై కణుపును అదిమియుంచిన చాలును, గాటుతో పనిలేదు.

అన్నిటికన్న కష్టమైనది ఓపిక పట్టుట. మొదటి యేడు మేము ఎనిమిది అంట్లు త్రొక్కి, కొనయందు క్రొత్త చిగురు కనబడగనే వేరు పట్టినదని భ్రమించి, నలువది దినములకే అన్నిటిని కోసితిమి. ఒక్కటి మాత్రము బ్రతికినది. ఆ చిగురు తల్లి యిచ్చిన నీటితో వచ్చినదేకాని తన వేరుతో వచ్చినది కాదు. మల్లెకు సాధారణముగ మూడు నెలలు పట్టును. చిత్త, స్వాతి కార్తెలనాటికి మట్టిని మెల్లగ తొలగించి చూడవలెను. తెల్లనివేళ్లు కుచ్చుగ నున్నప్పుడే తల్లివైపు కాడను సగము కోయవలెను. తక్కిన సగము పదిహేను దినములకు కోయవచ్చును. ఈ నడుమ కొన వాడినచో అంటును మరికొన్నాళ్లు అట్లే యుంచవలెను.

బత్తాయికి మాత్రము ఈ పద్ధతిని మేము చెప్పము. త్రొక్కుడంటుకు తల్లివేరుండదు. బత్తాయిని రంగపూరు నిమ్మవంటి వేరుమొక్కపై కన్నంటు కట్టించుటయే వాడుక.

విడదీసిన మల్లె పిల్లలను వేళ్లకంటిన మట్టితోడనే సాయంకాలమున నాటి, పది దినములు తాటాకు నీడ కల్పింపవలెను.