ఎక్కించింది ఒక్కసారే.. పదేళ్లయినా కాపలానే! రోగి ఒంట్లో కార్-టీ కణాల ఆచూకీ ఎలా పడతారంటే..

క్యాన్సర్ తగ్గింది, సరే. మళ్లీ వస్తే? కార్-టీ సెల్ థెరపీ చేయించుకున్న ప్రతి కుటుంబాన్నీ వెంటాడే భయమిది. అందుకే ఎక్కించిన కణాలు ఇంకా బతికున్నాయా లేదా అని డాక్టర్లు ఏళ్ల తరబడి లెక్క చూస్తుంటారు.

అసలేంటీ థెరపీ?
రోగి రక్తంలోని టీ-కణాలను బయటకు తీస్తారు. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కొత్త జన్యువును వాటిలో చేర్చి, ల్యాబ్‌లో పెంచి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు.

పదేళ్ల తర్వాత కూడా..
2010లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డగ్ ఓల్సన్, బిల్ లుడ్‌విగ్ అనే ఇద్దరు బ్లడ్ క్యాన్సర్ రోగులకు ఈ కణాలు ఎక్కించారు. పదేళ్లు దాటినా అవి వాళ్ల రక్తంలో కనిపించాయి. 2022లో 'నేచర్' పత్రికలో ఈ వివరాలు వచ్చాయి. ఏళ్లు గడిచాక మిగిలినవాటిలో ఎక్కువగా ఉన్నవి సీడీ4 రకం కణాలు. మామూలుగా వీటిని సహాయక కణాలంటారు. కానీ ఇక్కడ క్యాన్సర్ కణాలను చంపే గుణం కూడా వీటిలో కనిపించింది.

ఎలా కనిపెడతారు?
* పీసీఆర్ టెస్ట్: ల్యాబ్‌లో చేర్చిన జన్యువు సహజంగా ఎవరి ఒంట్లోనూ ఉండదు. రక్తంలో అది దొరికిందంటే ఆ కణాలు ఉన్నట్టే.
* ఫ్లో సైటోమెట్రీ: కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి పంపి లెక్కపెడతారు.
* బీ-కణాల లెక్క: సీడీ19ను గురిపెట్టే కార్-టీ కణాలు ఆరోగ్యకరమైన బీ-కణాలనూ చంపేస్తాయి. అంటే బీ-కణాలు కనిపించకపోతే కాపలా నడుస్తున్నట్టే!

ఎందుకంత ముఖ్యం?
అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా ఉన్న పిల్లల్లో తొలి నెలల్లోనే బీ-కణాలు తిరిగొస్తే డాక్టర్లు అప్రమత్తమవుతారు. కాపలా సడలిందని, జబ్బు తిరగబెట్టే ముప్పు పెరిగిందని దానర్థం. అప్పుడు ఎముక మజ్జ మార్పిడి గురించి ఆలోచిస్తారు.

అయితే ఈ లెక్కే సర్వస్వం కాదు. కొందరు లింఫోమా రోగుల్లో కార్-టీ కణాలు మాయమైనా జబ్బు తిరిగి రాలేదు. మరికొందరిలో క్యాన్సర్ కణం తనపై ఉన్న సీడీ19 గుర్తునే వదిలేసి తప్పించుకుంటుంది. పైగా కాపలా ఎక్కువ కాలం సాగితే యాంటీబాడీలు తగ్గి ఇన్ఫెక్షన్లు రావొచ్చు. అలాంటివారికి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాల్సి వస్తుంది.

మన దేశంలోనూ ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19కు 2023లో అనుమతి దక్కింది. ఈ చికిత్స తీసుకున్నవాళ్లు ఒంట్లో బాగానే ఉంది కదా అని ఫాలోఅప్ టెస్టులు మానేయకూడదు. లోపలి కాపలా సంగతి బయటపెట్టేది ఆ రక్తపరీక్షే.