మీకు తెలుసా? ఫైలు చిరునామా మన చేతిలోనే

కరీంనగర్, ఆదిలాబాద్ డీటీపీ సెంటర్లలో తరచూ వినబడే మాట: "సేవ్ చేసిన, కానీ ఫైలు కనబడ్తలేదు!" ఫైలు ఎటూ పోదు. మనం చోటు చెప్పకపోతే ఎడిటర్ తనకు ముందే నిర్ణయించిన ఫోల్డర్‌లో పెట్టేస్తుంది. ఆ చోటును మార్చుకోవచ్చు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, డిఫాల్ట్ డైరెక్టరీ; లిబ్రేఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, పాత్స్; వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్. మామూలుగా ఆ ఫోల్డర్ సి డ్రైవ్‌లో ఉంటుంది. విండోస్ మళ్లీ వేసేటప్పుడు ఆ డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే పెళ్లి పత్రికలు, దరఖాస్తులు అన్నీ పోతాయి. డి డ్రైవ్‌ ఉంటే అక్కడికి మార్చడమే మేలు.

ఇంకో మంచి సంగతి. ఫోల్డర్ పేరు ఇంగ్లిషులోనే ఉండనక్కర్లేదు, తెలుగులో పెట్టొచ్చు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండీ లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది కనుక ఆ లిపిలోనూ పెట్టొచ్చు! అక్షరాలు కనబడాలంటే నోటో సాన్స్ గుంజాల గోండీ వంటి ఉచిత ఫాంట్ కావాలి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఇలాంటి పేర్లున్న ఫోల్డర్లను తెరవలేవు. ముందు ఒక్క ఫైలు సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూసుకోండి.