వైన్స్‌లో తీపి వైన్ ఏది?

మా గూడూరనే కాదు, తెలంగాణలో ఎక్కడైనా 'వైన్స్' బోర్డు కింద ఎక్కువగా అమ్ముడయ్యేది విస్కీ, బీరే. వైన్ అంటేనే వగరు అని మా ఆఫీస్ ఫ్రెండ్స్ చాలామంది పక్కన పెట్టేస్తారు. తియ్యటివీ ఉన్నాయి, పేర్లు తెలియాలంతే.

లాజిక్ మన ఈత కల్లులోనే ఉంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుస్తుంది. ఎందుకంటే ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ద్రాక్షరసంలో చక్కెర పూర్తిగా అయిపోకముందే ఆ పని ఆగితే, అదే స్వీట్ వైన్.

ఇటలీ వాళ్లు మస్కాటో డాస్తిని చల్లబరిచి ఆపుతారు. అందుకే ఆల్కహాల్ 5 శాతం దగ్గరే ఉంటుంది. పోర్చుగల్ పోర్ట్‌లో ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు, అది 20 శాతం దాకా వెళ్తుంది. ఇక లేట్ హార్వెస్ట్ అంటే, ద్రాక్షను తీగ మీదే బాగా ముగ్గనిచ్చి కోసి చేసేది. నాసిక్‌లో సులా చేసే లేట్ హార్వెస్ట్ షెనిన్ బ్లాంక్ ఈ రకమే. బాగా చల్లబరిచి, చిన్న గ్లాసులో, పక్కన ఖుబానీ కా మీఠా... నా ఓటు దీనికే!

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. తీపి ఆల్కహాల్‌ను తగ్గించదు, దాస్తుంది. జ్యూస్‌లా తాగకుండా ముందు లేబుల్ మీద శాతం చూడండి. తాగాక బండి ముట్టుకోవద్దు. 21 నిండనివాళ్లకైతే ఇదంతా కెమిస్ట్రీ పాఠమే!